తృప్తిగా ఉన్నామని రాసినవాళ్లే ఎందుకు మానేశారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరం దగ్గర మీ బావగారూ మీరూ కలిసి 60 మందితో ప్లాస్టిక్ డ్రమ్ముల యూనిట్ నడుపుతున్నారు. ఉగాదికి ముందు పేర్లు లేకుండా కాగితాలు పంచి ‘ఇక్కడ పని నచ్చిందా’ అని అడిగితే దాదాపు అందరూ నచ్చిందనే టిక్కు పెట్టారు. ఏడాది తిరక్కుండా 17 మంది మానేశారు. ఉద్యోగంలో తృప్తి ఉంటే మనుషులు నిలబడతారని మీరు చదివారు. ఆ మాట అబద్ధమా, లేక మావాళ్లు కాగితం మీద అబద్ధం రాశారా అని అడిగారు.

రెండూ కాదండి. తృప్తి మనిషిని కట్టి పడేయదు. వేరే పని వెతుక్కోవాలన్న ఆలోచన త్వరగా రానివ్వదు, అంతవరకే దాని పని. ఆ ఆలోచన ఒకసారి వచ్చాక లెక్క మారిపోతుంది. బయట పని దొరుకుతుందా, ఇంటి దగ్గర ఏమేం ఉన్నాయి, ఈమధ్య ఫ్యాక్టరీలో మనసు విరిగేలా ఏమైనా జరిగిందా, ఇవి తేలుస్తాయి. అందుకే పని నచ్చినవాడు కూడా వెళ్లిపోవచ్చు. నచ్చనివాడు ఇరవై ఏళ్లు అక్కడే ఉండొచ్చు. ఈ రెండో రకాన్నే నేను ఎక్కువ చూశాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1998లో మన వైపే ఒక జూట్ మిల్లు టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. తర్వాత పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో హెచ్ఆర్‌లో పదహారేళ్లు చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంటిపట్టున ఉండి చిన్న యూనిట్ల పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కాగితాలు చూసుకుంటున్నాను. నాకు తెలిసింది ఈ రెండు జిల్లాల ఫ్యాక్టరీ మనుషుల సంగతే. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది ఎంతవరకు సరిపోతుందో వాళ్లే చెప్పాలి.

జూట్ మిల్లుతో మొదలుపెడతాను. ఎందుకంటే తృప్తి గురించి నాకున్న భ్రమలన్నీ అక్కడే పోయాయి. ఆ దుమ్ము, ఆ మోత ఎలా ఉంటాయో చూసినవాళ్లకే తెలుసు. మగ్గాల దగ్గర ఎనిమిది గంటలు నిలబడి బయటికొచ్చినవాడికి పక్కనుంచి పిలిస్తే వినపడదు. జీతం తక్కువ. మన జూట్ మిల్లులకు లాకౌట్లు కొత్త కాదు. గేటు మూతపడితే తాపీ పనికి పోయేవారు, ఆటో తోలేవారు, గేటు తెరిచారని కబురు తెలియగానే మళ్లీ మస్టర్ (హాజరు పట్టీ) దగ్గర లైను కట్టేవారు. మిల్లును తిట్టని రోజు ఉండేది కాదు, మానేసినవాడూ ఉండేవాడు కాదు. ఒక ముసలాయన్ని నేను కుర్రతనంతో అడిగాను, ‘ఇంత కష్టంగా ఉంటే ఎందుకున్నారు తాతా’ అని. ‘ఏటి బాబూ అలగంటావు, ఇల్లిక్కడుంది, పిల్లలిక్కడున్నారు, నాకు మగ్గం తప్ప ఇంకేటొచ్చును’ అన్నాడు.

పైడిభీమవరం వెళ్లాక సరిగ్గా దీనికి తలకిందులైనది చూశాను. శుభ్రమైన క్యాంటీన్, ఊరి దాకా బస్సు, యూనిఫాం, ఒకటో తారీఖుకే జీతం. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో కెమిస్టులను అడిగితే పని బాగుందనే చెప్పేవారు, నిజంగానే చెప్పేవారు. రెండేళ్లు తిరిగేసరికి సగం మంది ఉండేవారు కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి రెండేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి పరవాడలో, అచ్యుతాపురంలో, నక్కపల్లిలో, హైదరాబాద్ జీడిమెట్లలో గేట్లు తెరిచే ఉంటాయి. జూట్ మిల్లు తాతకు ఒక్క గేటే ఉంది. తేడా అక్కడుంది, తృప్తిలో లేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు అమెరికా పండితులు 1958లోనే దీన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టారు. వెళ్లాలని ఉందా అన్నది ఒకటి, వెళ్లడం తేలికా అన్నది రెండోది. తృప్తి మొదటి ప్రశ్నకే జవాబు. మీరు కాగితం మీద అడిగింది ఆ మొదటిదాన్నే, అదీ సగమే. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి మీ చుట్టుపక్కల డ్రైవర్లకు, ఎలక్ట్రీషియన్లకు, ఐటీఐ ఫిట్టర్లకు రెండో ప్రశ్న ఎంత తేలికైందో మీకే తెలియాలి. మీ యూనిట్ ఉన్నట్టుండి చెడ్డదైపోనక్కర్లేదు, పక్కన గేట్లు పెరిగితే చాలు.

ఇప్పుడు మీ కాగితం గురించి. 60 మందిలో పేరు రాయకపోతే ఏమైందండి, చేతిరాత తెలియదా? ఆ కాగితాలు పంచింది, పోగుచేసింది షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయితే ఇక చెప్పేదేముంది. అలాగని అందరూ అబద్ధం రాశారని నేననను. ‘పని నచ్చిందా’ అంటే మోల్డింగ్ మెషిన్ మీద పని నచ్చే ఉంటుంది, పక్కవాళ్లతో టీ తాగడం నచ్చే ఉంటుంది. వారం మధ్యలో రాత్రి పూట సీ షిఫ్ట్‌కు మార్చేయడం నచ్చకపోవచ్చు. ఆ మాట మీరు అడగలేదు, వాళ్లు రాయలేదు.

హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1959 నాటికి పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఓ రెండొందల మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి అడిగి ఒక సంగతి తేల్చాడు. పని మీద ఇష్టం పెంచేవి వేరు, విసుగు పుట్టించేవి వేరు. ఒకటి పెంచినంత మాత్రాన రెండోది తగ్గదు. నా అనుభవంలో ఇది చాలావరకు నిజం. మంచినీళ్లు చల్లగా వచ్చాయని ఎవడూ ఆ ఫ్యాక్టరీని ప్రేమించడు, కానీ మే నెలలో కూలర్ పాడై పది రోజులు బాగుచేయించకపోతే దాన్ని మాత్రం మరిచిపోడు. అయితే జీతాన్ని కూడా ఆయన ఈ రెండో గుంపులో వేశాడు, ఉండకపోతే బాధే గానీ ఉంటే ప్రేమ పుట్టదన్నట్టు. పదిహేను వేల జీతగాడి విషయంలో నేను దీనికి ఒప్పుకోను. బంగారం తాకట్టు పెట్టి వడ్డీ కడుతున్నవాడికి రెండు వేలు తేడా అంటే మాటలు కాదు. 1913లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో 14 వేల మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజు కూలీ 5 డాలర్లు అన్నారు, అప్పటిదాకా ఇస్తున్నదానికి రెండింతలు దాటి. పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించారు. మనుషులు నిలబడ్డారు. పని మాత్రం అదే పని, అంతే విసుగు. అంటే డబ్బు పనిచేస్తుంది, కాకపోతే మనిషి బతుకు మారేంత ఇస్తేనే. ఏడాదికోసారి 500 పెంచి ‘ఇంకా ఏం కావాలి వీళ్లకి’ అనుకోవడం వల్ల ఉపయోగం లేదు.

నా తప్పు ఒకటి చెప్తాను, ఇది మీకు పనికొస్తుంది.

మా మందుల కంపెనీలో రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గర ఆరేళ్లు చేసిన ఆపరేటర్ ఉండేవాడు. విజయనగరం దగ్గర పల్లె. ఏనాడూ ఆలస్యం లేదు, ఎవరితో గొడవ లేదు. ఒక ఏడు విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజుకు సెలవు అడిగాడు. నెల ముందే అడిగాడు, సరేనన్నాను. పెళ్లి చేసి పంపిన చెల్లెలినీ బావగారినీ పండక్కి పిలుచుకున్నాడట. సిరిమాను మంగళవారం, బుధవారం మాకు ఆడిట్. సోమవారం సాయంత్రం ప్రొడక్షన్ వాళ్లు ఒత్తిడి చేస్తే నేను సెలవు రద్దు చేశాను. ‘ఏం చేస్తాం, ఆడిట్ కదా’ అన్నాను. వాడు తలూపి వెళ్లిపోయాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు, మాస్క్ వేసుకుని పని చేసుకున్నాడు, పల్లెత్తు మాట అనలేదు. పెద్ద మనసున్నవాడు అనుకున్నాను నేను.

నెలన్నర తర్వాత రాజీనామా ఇచ్చాడు. మానేసేవాళ్లు కారణం రాసిచ్చే ఎగ్జిట్ ఫారంలో ‘మెరుగైన జీతం’ అని రాశాడు. పెరిగింది 1,500, కొత్త చోటికి బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. లెక్క కుదరడం లేదని నాకు అప్పుడే తోచాలి, తోచలేదు. మూడేళ్లకు ఒక పెళ్లిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నప్పుడు తనే చెప్పాడు: ‘సారూ, ఆరోజు నానేటీ అన్లేదు గానీ, మా సెల్లి ముందర తలెత్తుకోనేకపోనాను. అక్కడే మనసిరిగిపోనాది.’

దీన్ని చదువుకున్నవాళ్లు ‘షాక్’ అంటారు. అమెరికాలో లీ, మిచెల్ అనే ఇద్దరు 1994లో చెప్పింది ఇదే: చాలామంది తృప్తి కొద్దికొద్దిగా తగ్గిపోయి వెళ్లిపోరు, ఒక్క సంఘటన తగిలి ఆలోచనలో పడతారు. ఆ సంఘటన ఫ్యాక్టరీలోదే కానక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు పడిపోయినప్పుడు ఆ వైపు నుంచి వచ్చే కుర్రాళ్లలో కొందరు మళ్లీ డ్యూటీకి రాలేదు. ఇంటికి డబ్బు ఎక్కువ కావాల్సి వచ్చి చెన్నై, బెంగళూరు పోయారు. వాళ్లకు మా కంపెనీ మీద ఏ కోపమూ లేదు.

ఎగ్జిట్ ఫారంను నమ్మకండి. రిలీవింగ్ లెటర్, రావాల్సిన ఆఖరి లెక్క (ఫుల్ అండ్ ఫైనల్) డబ్బులు మీ చేతిలో ఉండగా నిజం రాసే అమాయకుడు ఎవడూ ఉండడు. ‘మెరుగైన జీతం’, ‘ఇంటి సమస్యలు’, ‘పై చదువులు’, ఈ మూడే రాస్తారు. నిజం కావాలంటే మానేసిన ఆరు నెలలకు, డబ్బులన్నీ ముట్టాక, ఫోన్ చేసి క్షేమం అడిగే వంకతో కనుక్కోండి.

ఇక తృప్తి అస్సలు లెక్కలోకి రాని సందర్భం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు పడ్డాయి. మా కంపెనీ బ్లాకుల్లో డిగ్రీ చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామంది పరీక్ష రాసి వెళ్లిపోయారు. ప్రొబేషన్‌లో అక్కడ నెలకు 15 వేలు. మా దగ్గర అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నవాళ్లు కూడా వెళ్లారు. పని నచ్చిందని ఏడుస్తూ మరీ వెళ్లిన అమ్మాయి ఉంది. ఒక తండ్రిని అడిగితే ఆయన నా ముఖం చూసి నవ్వాడు. ‘ప్రైవేటంటే సంబంధాలు రావట్లేదు సారూ’ అన్నాడు. దీనికి మీరు క్యాంటీన్‌లో అరటిపండు కలిపి పెడితే ఆగుతారా? ఇలాంటివాళ్లను మనసారా దీవించి పంపేయడమే. మీ 17 మందిలో ఇలాంటి వాళ్లెందరో ముందు పక్కన పెట్టండి. మిగిలినవాళ్ల గురించే మీరు బుర్ర పెట్టాలి.

ఉండిపోయేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. ఇందాకటి మిచెల్, లీ, మరికొందరు కలిసి 2001లో మనిషిని ఒకచోట పాతుకునేలా చేసే మూడింటిని లెక్క పెట్టారు: అక్కడి మనుషులతో ముడులు, ఆ పనీ ఆ ఊరూ తనకు నప్పడం, వదిలేస్తే పోగొట్టుకునేవి. మన దగ్గర ఈ మూడోది బాగా కనపడుతుంది. మానేసేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే గ్రాట్యుటీనే తీసుకోండి. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. బేసిక్, డీఏ కలిపి 15 వేలు ఉన్నవాడికి ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 పని దినాలు అనే లెక్కన ఐదేళ్లకు దాదాపు 43 వేలు వస్తాయి. నాలుగో ఏడు దాటినవాడు ఎంత విసిగినా ఐదు నిండేదాకా కదలడు. నిండిన రెండు నెలల్లో రాజీనామాలు వచ్చేవి, నేను ముందే ఊహించి పెట్టుకునేవాణ్ని. ఆ చివరి ఏడాది వాడు నిజంగా మీతో ఉన్నట్టా?

ఈఎస్ఐ కూడా అంతే. ఉద్దానం వైపు కుర్రాడు ఒకడు 19 వేలకు చేసేవాడు. తల్లికి కిడ్నీ జబ్బు. వేరే చోట 23 వేలు ఇస్తామన్నా పోలేదు. జీతం 21 వేలు దాటిన ఉద్యోగంలో చేరితే ఈఎస్ఐ వర్తించదు, తల్లి వైద్యం దాని మీదే నడుస్తోంది. వాడి ఇన్‌ఛార్జి మాత్రం ‘నా టీమ్‌లో ఎంత లాయల్టీయో చూశారా’ అని మీటింగ్‌లో చెప్పుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడొక హెచ్చరిక. పోగొట్టుకునేది చూపించి మనిషిని ఆపొచ్చని తెలియగానే కొందరు యజమానులు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టడం మొదలుపెడతారు. నేను చేసిన ఒక చోట ఇది జరిగింది. చేరిన మొదటి రోజే ‘వీళ్లు నన్ను నమ్మట్లేదు’ అని ఆ పిల్లలకు తెలిసిపోయేది. వెళ్లాలనుకున్నవాళ్లు తండ్రిని, ఊరి పెద్దను వెంటబెట్టుకుని వచ్చి గొడవ చేసి తీసుకునే వెళ్లారు. ఉండిపోయినవాళ్లు పని చేయడం మానేసి హాజరు వేయించుకోవడం నేర్చుకున్నారు. ఆ పని చేయకండి.

మీరేం చేయాలి అంటారా. మొదట ఆ 17 మందిలో చేరిన మూడు నెలల్లోపు మానేసినవాళ్లు ఎందరో చూడండి. చిన్న యూనిట్లలో సగం దాకా వాళ్లే ఉంటారని నా అనుభవం. వాళ్లది తృప్తి సమస్య కాదు, చేర్చుకునేటప్పుడు చెప్పిన మాటల సమస్య. ‘మెషిన్ మీద పని’ అని చెప్పి తీసుకొచ్చి నెల రోజులు డ్రమ్ముల అంచులు గీకిస్తే కుర్రాడు ఉండడు. చేర్చుకునే ముందే ఒక పూట బీ షిఫ్ట్‌లో నిలబెట్టండి. ఆ వేడి, ఆ వాసన చూసి వద్దనుకునేవాడు ఆరోజే పోతాడు. మీకు ఒక యూనిఫాం, ఒక నెల జీతం, పీఎఫ్ కాగితాల పని మిగులుతాయి.

తర్వాత షిఫ్టువారీగా లెక్క వేయండి, డిపార్ట్‌మెంట్‌వారీగా కాదు. మా దగ్గర ఒక బ్లాకులో ఏడాదికి 11 మంది మానేస్తే ఎనిమిది మంది ఒకే ఇన్‌ఛార్జి కింద పనిచేసినవాళ్లు. ప్రొడక్షన్‌లో ఆయన్ను మించినవాడు లేడు, అందుకే ఎవరూ నోరెత్తలేదు. అరిచేవాడు కూడా కాదు. నలుగురిలో పేరు పెట్టి వెటకారం చేసేవాడు, అంతే. ఆయన్ను మనుషులు తక్కువుండే ప్లానింగ్ పనికి మార్చాం. పని అదే, జీతాలు అవే, మరుసటి ఏడు అదే షిఫ్ట్‌లో ఇద్దరే మానేశారు. మనుషులు మానేసేది ఇన్‌ఛార్జి వల్లే అని ఈమధ్య అందరూ అంటున్నారు గానీ అది ప్రతిచోటా నిజం కాదు. మీ దగ్గర నిజమో కాదో ఈ లెక్క చెప్తుంది.

షిఫ్ట్ చార్టు నెల ముందు గోడకు అంటించి, దానికి కట్టుబడండి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ యజమానులకు దీనంత కష్టమైన పని ఇంకోటి కనపడదు. పలాసలో నాకు తెలిసిన ఒకాయన జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే ఆడవాళ్లు ఊరికూరికే మానేస్తున్నారని మొత్తుకునేవాడు. కూలీ రేటు పెంచాలేమో అని నన్ను పిలిచాడు. వాళ్లతో కూర్చుని అడిగితే ఎవరూ రేటు మాటే ఎత్తలేదు. పిల్లల్ని బడికి పంపి రావాలి, గేటు ఎనిమిదికే మూసేస్తున్నారు, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ పూట పోతోంది. ఎనిమిదిన్నర చేశారు. ఆ తర్వాత ఆయన నుంచి ఆ ఫోన్ రాలేదు.

ఇంకొకటి. వెళ్లిపోయేవాళ్లను అడిగేకంటే ఉన్నవాళ్లను అడగండి. కాగితం మీద కాదు, మెషిన్ ఆగినప్పుడో, టీ దగ్గరో. ‘పని నచ్చిందా’ అనొద్దు. ‘కిందటి నెల ఏ రోజు ఇంటికెళ్లేటప్పుడు ఛీ అనిపించింది’ అని అడగండి. మొదటిసారి ఏమీ చెప్పరు. రెండోసారి బాత్రూం బల్బు గురించి చెప్తారు. ఆ బల్బు మర్నాడే మార్పిస్తే మూడోసారి అసలు సంగతి చెప్తారు.

అందరినీ ఆపాలని మాత్రం పెట్టుకోకండి. 60 మందిలో ఏడాదికి ఐదారుగురు పోవడం మామూలే, వాళ్లు వేరే చోట బాగుపడి మీకు ఇంకో ఇద్దరిని పంపుతారు కూడా. 17 అంటే ఎక్కడో ఏదో కారుతోంది.

ఆ 17 మంది పేర్లు నాకు వద్దు. చేరిన తేదీ, మానేసిన తేదీ, షిఫ్టు, ఇల్లు ఎంత దూరం, ఈ నాలుగు గళ్లు గీసి నింపి పంపండి. మానేసిన తేదీకి నెలన్నర వెనక్కి వెళ్లి, ఆ వారంలో మీ ఫ్యాక్టరీలో ఏం జరిగిందో గుర్తుంటే ఐదో గడిలో అది కూడా రాయండి.